పందుల జబ్బులు: బ్యాక్టీరియా ఒంటిమీది ఎంజైములపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పందుల్లో మెదడు పొరల వాపు, ఎరిసిపెలాస్ (జ్వరంతో ఒంటిమీద మచ్చలు లేచే జబ్బు), న్యుమోనియాల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. వాటన్నిటి అడుగునా ఉన్న సంగతి ఒకటే: బ్యాక్టీరియా తన ఒంటికి అంటించుకుని తిరిగే ఎంజైములు. ఇవి మొదట తిండి సంపాదించుకునే పనిముట్లు, రోగం తర్వాతి సంగతి. ఈ వరస మనసులో పెట్టుకుని చదివితే కింది జవాబులు తేలిగ్గా అందుతాయి.

ప్రశ్న: మా పందిపిల్లలు మూడు మెదడు పొరల వాపుతో చనిపోయాయి. ల్యాబ్ రిపోర్టులో ‘స్ట్రెప్టోకాకస్ సూయిస్ సీరోటైప్ 2, ఎస్‌ఎస్‌ఎన్‌ఏ పాజిటివ్’ అని రాశారు. శుభ్రంగా తింటూ తిరుగుతున్న పిల్లల టాన్సిల్స్‌లో కూడా అదే దొరికిందట. ఆ ఎంజైము ఉంటే రోగం ఉన్నట్టేనా?

జవాబు: కాదు. సూయిస్ అనే ఈ బ్యాక్టీరియా (సీరోటైప్ అంటే దాని పైపూత తేడాను బట్టి చెప్పే ఉపరకం) దాదాపు ప్రతి పంది టాన్సిల్స్‌లోనూ ముక్కులోనూ కాపురం ఉంటుంది. ఈనేటప్పుడే తల్లి నుంచి పిల్లకు అంటుతుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ దాని ఎంజైములు చేసేది పొట్టపోసుకునే పనే. ఎస్‌ఎస్‌ఎన్‌ఏ అంటే కణకవచానికి కట్టేసి ఉండే డీఎన్‌ఏజ్. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏను కొరికి, ఆ ముక్కలను బ్యాక్టీరియాకు తిండిగా అందించగలదు.

అదే బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే కథ మారుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తమ డీఎన్‌ఏనే బయటికి వలలా విసిరి క్రిములను పట్టుకుంటాయి. వల దారమంతా డీఎన్‌ఏ. దానికి హిస్టోన్లూ, క్రిములను చంపే ఇతర ప్రోటీన్లూ అంటి ఉంటాయి. టాన్సిల్‌లో తిండికి వాడిన కత్తెరతోనే సూయిస్ ఇక్కడ వలను తెంపుకుంటుంది. దీనికి తోడు కణత్వచానికి అంటుకుని ఉండే ఎండ్‌ఏ అనే రెండో డీఎన్‌ఏజ్ కూడా ఉంది. అందుకే ఒక్క ఎస్‌ఎస్‌ఎన్‌ఏను పట్టుకుని బ్యాక్టీరియా బలాన్ని తూచలేం.

మీ పిల్లల వయసు రాయలేదు కానీ, ఈ జబ్బు ఎక్కువగా 4 నుంచి 10 వారాల మధ్య వస్తుంది. దానికో కారణం ఇంకో ఎంజైములో కనిపిస్తుంది. ఐడీఈ-సూయిస్ అనే ప్రోటియేజ్ (ప్రోటీన్లను కోసే ఎంజైము) పంది ఐజీఎం యాంటీబాడీలను మాత్రమే కోస్తుంది. ఐజీజీ అనే మరో రకం జోలికి పోదు. ముర్రుపాలతో తల్లి ఇచ్చిన యాంటీబాడీలు పలచబడే ఈ వయసులో పిల్ల సొంతంగా మొదట తయారుచేసేది ఐజీఎంనే. దాన్ని కోసేస్తే, బ్యాక్టీరియా ఒంటిమీద కాంప్లిమెంట్ ప్రోటీన్లు (క్రిములను చంపడానికి తోడ్పడే రక్త ప్రోటీన్లు) పేరుకోవడానికి ఆసరా పోతుంది. తల్లి రక్షణ అయిపోయి, సొంత రక్షణ ఇంకా గట్టిపడని సందులో దెబ్బ పడుతుంది.

రిపోర్టులోని ‘పాజిటివ్’ సంగతి కూడా చెప్పాలి. పీసీఆర్ అనే జన్యు పరీక్ష చెప్పేది జన్యువు ఉందని మాత్రమే. జన్యువు ఉన్నా ఎంజైము పనిచేయని సూయిస్ రకాలు ఉన్నాయి. కణాల మధ్య జిగురును కోసే హయాలురోనిడేజ్ విషయంలో ఇది తరచు కనిపిస్తుంది. కాబట్టి జన్యువుల జాబితా కంటే, ఆ బ్యాక్టీరియాను ఒంట్లో ఏ చోటు నుంచి తీశారన్న సంగతికి ఎక్కువ విలువ ఇవ్వండి. మెదడు పొరల మీద నుంచి వేరే క్రిమి కలవకుండా దండిగా పెరిగిందంటే అది సాక్ష్యం. టాన్సిల్ నుంచి పెరిగిందంటే పంది పందేనని చెప్పినట్టు.

ప్రశ్న: అయితే నమూనా ఎలా తీయాలి? మేము పంపిన వాటిలో సగం ‘పెరుగుదల లేదు’ అని తిరిగి వస్తున్నాయి.

జవాబు: మందు పడని పందిని ఎంచుకోవాలి. ఒక్క పెన్సిలిన్ సూది పడ్డా కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటంలో) ఏమీ రాకపోవచ్చు. ఈరోజే జబ్బుపడిన, కాళ్లు ఈతకొట్టినట్టు ఆడిస్తున్న పిల్లను పశువైద్యుడి చేత నొప్పి తెలియకుండా చంపించి వెంటనే కోయిస్తే వచ్చే ఫలితం, రాత్రెప్పుడో చచ్చి ఉబ్బిన పందిలో రాదు. పేగుల్లోని క్రిములు అప్పటికే ఒళ్లంతా పాకి ఉంటాయి.

మెదడు పొరల మీద స్వాబ్, గుండె రక్తం, తెరవని కీలులోంచి సూదితో తీసిన ద్రవం, ఈ మూడూ ఉండాలి. గుండెను గుచ్చే ముందు పైతలాన్ని కాల్చిన గరిటెతో చురకపెట్టండి, లేకపోతే మీ చేతి మురికే పెరుగుతుంది. స్వాబ్‌ను బొగ్గు కలిపిన ఏమీస్ మాధ్యమంలో (దారిలో క్రిములను బతికించి ఉంచేది) పెట్టి, 4 డిగ్రీల చల్లదనంలో, వీలైతే 24 గంటల్లో చేర్చాలి. గడ్డకట్టించవద్దు.

పొట్ట, గుండె, ఊపిరితిత్తుల పొరల మీద గుడ్డు పెచ్చులాంటి ఫైబ్రిన్ కనిపిస్తే గ్లేసరెల్లా పారాసూయిస్ అనే బ్యాక్టీరియాను కూడా అనుమానించాలి. ఇది చాలా సుకుమారం, దారిలోనే చచ్చిపోతుంది. పైగా దీనికి ఎన్‌ఏడీ అనే పదార్థం కావాలి. మామూలు రక్తపు అగార్ (క్రిములను పెంచే గట్టి మాధ్యమం) మీద తనంతట తాను పెరగదు. చాక్లెట్ అగార్ వాడమని, లేదా రక్తపు అగార్ మీద స్టెఫిలోకాకస్ గీత గీసి దాని పక్కన నాటమని ల్యాబ్‌కు రాసి పంపండి. మీకు వచ్చిన ‘పెరుగుదల లేదు’ల్లో కొన్ని ఇవే అయి ఉండవచ్చు.

ప్రశ్న: పెన్సిలిన్‌కు లొంగే రకమేనని రిపోర్టు ఉంది. అయినా సూది వేసిన పిల్లలు కాళ్లు కొట్టుకుంటూనే చచ్చిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: మందు బ్యాక్టీరియాను చంపుతుంది; అప్పటికే అయిన కోతను కుట్టదు. మెదడు పొరల్లో చీము చేరి, ఒత్తిడి పెరిగి, పిల్ల పక్కకు పడి కాళ్లు ఆడిస్తోందంటే నష్టం చాలా వరకు జరిగిపోయింది. ఇంకో చిక్కు ఏమిటంటే, పెన్సిలిన్‌తో పగిలిన కణకవచం ముక్కలు కూడా కొంతసేపు వాపును ఎగదోస్తాయి.

అందుకే మందు పని చేసే గడియ అంతకు ముందుది. చెవులు వెనక్కి వాల్చి నిలబడటం, కళ్లు ఒకవైపే తిరగడం, గుంపులోంచి విడిపోవడం, నడకలో తూలడం: ఈ దశలో పట్టుకోవాలి. రోజుకు రెండు మూడు సార్లు దొడ్డిలో దిగి, పడుకున్న ప్రతి పిల్లనూ లేపి చూడటం తప్ప వేరే దారి లేదు. పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్‌తో పాటు వాపు తగ్గించే మందు కూడా అవసరం. మెలాక్సికామ్ అయితే కిలో బరువుకు 0.4 మిల్లీగ్రాములు, కండకు. పిల్లను చీకటిగా, చప్పుడు లేని చోట పొడి పరుపు మీద పడుకోబెట్టి నీళ్లు పట్టాలి. ఈ జబ్బులో పిల్లలు దాహంతో కూడా పోతాయన్నది చాలామంది గమనించరు. తలెత్తలేని పిల్ల గొంతులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటి వాటికి మలద్వారం గుండా గోరువెచ్చని నీళ్లు నెమ్మదిగా ఎక్కించడం మేలు, ఒకసారి వైద్యుడి చేత చూపించుకుని నేర్చుకోండి.

ప్రశ్న: పిండిపదార్థం ఉంటే సూయిస్ బలపడుతుందని ఎక్కడో చదివాను. పాలు మాన్పించిన పిల్లల దాణాలో గింజలు తగ్గించాలా?

జవాబు: మీరు చదివింది నిజమే, దానినుంచి మీరు తీసిన నిర్ణయం మాత్రం తొందరపాటు. సూయిస్ ఒంటిమీద ఎమైలోపుల్యులనేజ్ అని ఒకటుంది. పిండిపదార్థాన్నీ గ్లైకోజెన్‌నూ రెండు రకాల బంధాల దగ్గర కోయగలదు. చుట్టూ గ్లూకోజ్ తక్కువగా, పిండిపదార్థం ఎక్కువగా ఉన్నప్పుడు బ్యాక్టీరియా దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. నోరు అలాంటి చోటే. ఇదే ఎంజైము గొంతు కణాలకూ జిగురుకూ అతుక్కోవడానికి కూడా తోడ్పడుతుంది. కంచం, గోరుముద్ద, గోడకు పట్టుకునే కొక్కెం అన్నీ ఒకటేనన్నమాట. రక్తంలో గ్లూకోజ్ దండిగా ఉంటుంది కాబట్టి అక్కడ దీని అవసరం తగ్గుతుంది.

ఇదంతా పరీక్షనాళికలో తేలిన సంగతి. దాణాలో గింజలు తగ్గిస్తే దొడ్డిలో మెదడు వాపు తగ్గుతుందని దాన్నుంచి తేలదు. పాలు మాన్పిన వారంలో పిల్ల తిండి తినడమే గండం. దాన్ని ఇంకా కష్టపెట్టవద్దు. ఆ వారంలో పడుకునే చోట 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, నేల మట్టాన ఈదురుగాలి లేకపోవడం, అమ్మోనియా 20 పీపీఎం దాటకపోవడం, వేర్వేరు ఈతల పిల్లలను అదే రోజు కలపకపోవడం, వీటి ఫలితం దాణా మార్పు కంటే ముందే కనిపిస్తుంది.

ప్రశ్న: పశువైద్య విద్యార్థిని. ఎంజైములు ‘కణకవచానికి కట్టి ఉంటాయి’ అంటారు కదా, దేనితో కడతారు?

జవాబు: సూయిస్ లాంటి గ్రామ్ పాజిటివ్ క్రిముల్లో ఆ పని చేసేది సార్టేజ్ ఏ. అది కూడా ఎంజైమే, కణత్వచంలో కూర్చుని ఉంటుంది. బయటికి పంపాల్సిన ప్రోటీన్ తోక దగ్గర ఐదు అమైనో ఆమ్లాల గుర్తు ఉంటుంది: ల్యూసిన్, ప్రోలిన్, ఏదో ఒకటి, థ్రియోనిన్, గ్లైసిన్. దాని వెనక నీటిని ఇష్టపడని ఒక ముక్క, ఆ వెనక ధనావేశం ఉన్న చిన్న తోక. ఈ వెనక ముక్కలు ప్రోటీన్‌ను కణత్వచం దగ్గర ఆపుతాయి. సార్టేజ్ వచ్చి థ్రియోనిన్‌కూ గ్లైసిన్‌కూ మధ్య కోస్తుంది. కోసిన థ్రియోనిన్ కొసను తన సిస్టీన్‌తో కాసేపు పట్టుకుంటుంది. తర్వాత కణకవచపు ఇటుక మీది అమైన్ గుంపుకు అతికించి వదిలేస్తుంది. ఆ ఇటుక గోడలో చేరగానే ఎంజైము గోడలో భాగమైపోతుంది. చేతికి గాజు తొడిగినట్టు కాదు, ఎముకకు అతుకు వేసినట్టు. సబ్బులాంటి పదార్థంతో ఉడికించినా ఊడదు. గోడను కరిగించే మ్యూరామిడేజ్ వేస్తేనే వస్తుంది.

సార్టేజ్ జన్యువును తీసేస్తే ఒకేసారి ఎన్నో ప్రోటీన్లు గోడకు అంటక జారిపోతాయి. అలాంటి సూయిస్ అతుక్కోవడంలోనూ రోగం తేవడంలోనూ బలహీనపడుతుంది. పరీక్షలో గుర్తుంచుకోవాల్సింది: సార్టేజ్ లేని రకంలో ఎంజైము మాయం కాదు, చాలా వరకు కల్చర్ ద్రవంలో దొరుకుతుంది.

ప్రశ్న: ఇనోలేజ్ గ్లూకోజ్‌ను విరిచే దారిలోని ఎంజైమ్, కణం లోపల ఉండాల్సింది. సూయిస్ పైన ఉందంటే, పగిలిన కణాల మురికి కాదా?

జవాబు: ఆ అనుమానం న్యాయమైనదే. ఇనోలేజ్‌కూ, అదే దారిలోని జీఏపీడీహెచ్ అనే ఎంజైముకూ బయటికి పంపే సంకేతమూ లేదు, సార్టేజ్ గుర్తూ లేదు. కొంత భాగం చచ్చిన సోదర కణాల నుంచి వచ్చి బతికున్న వాటి మీద అంటుకుంటుందని కూడా అనుకోవచ్చు. దారి ఏదైనా, అక్కడికి చేరాక అది చేసే పని మాత్రం నిజం: పంది రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను పట్టుకుంటుంది. ప్లాస్మినోజెన్ పంది సొంత సరుకు. చైతన్యం పొందితే ప్లాస్మిన్ అవుతుంది, ఫైబ్రిన్ గడ్డలను కరిగిస్తుంది. బ్యాక్టీరియా దాన్ని ఒంటికి కట్టుకుంటే కోత పని పంది కత్తితోనే జరుగుతుంది. కణాల మధ్య బంధనాలు వదులై దారి తెరుచుకుంటుంది. ఇక్కడ ఇనోలేజ్ చేసేది ఎంజైము పని కాదు, కొక్కెం పని.

మీ నమూనాలో అది మురికా కాదా తేల్చాలంటే, అదే కల్చర్ ద్రవంలో, కణం లోపలే ఉండే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును కూడా కొలవండి. అది ఎక్కువగా ఉంటే కణాలు పగులుతున్నాయి, మీ ఇనోలేజ్ సంఖ్యను నమ్మవద్దు.

ప్రశ్న: ఎరిసిపెలాస్ వచ్చిన పందుల ఒంటి మీద మచ్చలు వజ్రాల ఆకారంలోనే ఎందుకు వస్తాయి? నల్ల పందుల్లో ఎలా కనిపెట్టాలి?

జవాబు: ఎరిసిపెలోత్రిక్స్ రూసియోపతియే అనే క్రిమి న్యూరామినిడేజ్‌ను తయారుచేస్తుంది. మన కణాల పైన చక్కెర గొలుసులు ఉంటాయి, వాటి చివర టోపీలా సయాలిక్ ఆమ్లం. దానికి రుణావేశం. రక్తనాళాల లోపలి గోడా, రక్తకణాలూ ఒకదాన్నొకటి అంటుకోకుండా జారిపోవడానికి ఆ రుణావేశం ఒక కారణం. న్యూరామినిడేజ్ ఆ టోపీని ఊడదీస్తుంది. అక్కడ ఫలకికలు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలు) అంటుకుంటాయి, గోడ ఉబ్బుతుంది, సన్న నాళాల్లో గడ్డలు కడతాయి. చర్మంలో ఒక్కో చిన్న ధమని తన చుట్టూ ఒక గడిలాంటి మేరకు రక్తం ఇస్తుంది. నాళం మూసుకుంటే ఆ గడి మొత్తం ఎర్రబడి, పైకి లేచి, తర్వాత ఊదా రంగుకు తిరుగుతుంది. మచ్చకు అంచులు సూటిగా కనిపించేది అందుకే.

ఎక్కువ న్యూరామినిడేజ్ ఉన్న రకాలు ఎక్కువ ప్రమాదకరం అన్నది చాలావరకు సరిపోతుంది. అయితే ఈ క్రిమికి అసలు కవచం క్యాప్సూల్, అంటే కణం చుట్టూ ఉండే చక్కెరల పూత. క్యాప్సూల్ లేకపోతే తెల్ల కణాలు మింగి చంపేస్తాయి, ఎంజైము ఎంత ఉన్నా రోగం రాదు.

ఇక్కడ చిన్న వింత ఉంది. ఎరిసిపెలోత్రిక్స్ సయాలిక్ ఆమ్లాన్ని కోసేస్తే, సూయిస్ సీరోటైప్ 2 తన క్యాప్సూల్‌లో అదే ఆమ్లాన్ని తొడుక్కుని పంది కణంలా వేషం వేస్తుంది. ఒకరు టోపీ తీసేవాళ్లు, ఒకరు పెట్టుకునేవాళ్లు.

నల్ల చర్మం మీద రంగు కోసం వెతకవద్దు. అరచేయి పెట్టి వీపు, పక్కలు నిమరండి. ఎత్తుగా లేచిన, అంచు తెలిసే బిళ్లలు చేతికి తగులుతాయి. వెలుతురు పక్క నుంచి పడేలా చూస్తే ఆ బిళ్లల మీద వెంట్రుకలు నిక్కి కనిపిస్తాయి. జ్వరం చూడండి. పంది మామూలు వేడి 39 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల. ఎరిసిపెలాస్‌లో 40 నుంచి 42 దాకా పోతుంది. పెన్సిలిన్‌కు ఇది చక్కగా లొంగుతుంది, 24 నుంచి 36 గంటల్లో పంది లేచి తింటుంది. లేవకపోతే రోగనిర్ధారణ మళ్లీ చూసుకోవాలి. మచ్చ చచ్చి నల్లబడిన చోట చర్మం, చెవి కొస, తోక కొస ఊడిపోవచ్చు. మందు వేసినా ఆ ఊడటం ఆగదు, నాళం అప్పటికే మూసుకుపోయింది. పాతబడిన కీళ్లవాపుకు కూడా పెన్సిలిన్ పెద్దగా చేయగలిగింది లేదు.

ప్రశ్న: దగ్గుతున్న పెద్ద పందులకు పెన్సిలిన్ వేశాం, ఫలితం సున్నా. మైకోప్లాస్మా అన్నారు. దానికీ పైపొర ఎంజైములు ఉంటాయా?

జవాబు: ఉంటాయి, అవే దాని బతుకు. మైకోప్లాస్మా హయోన్యుమోనియేకు కణకవచమే లేదు. పెన్సిలిన్ దెబ్బ కొట్టేది కణకవచం కట్టే పని మీద, కాబట్టి ఇక్కడ కొట్టడానికి గోడే లేదు. ఈ క్రిమి జన్యువుల మూట చాలా చిన్నది. న్యూక్లియోటైడ్లను సొంతంగా తయారుచేసుకోలేదు, అమైనో ఆమ్లాలకూ పంది మీదే ఆధారపడాలి. అందుకని ఒంటిమీద న్యూక్లియేజ్‌లూ, ప్రోటీన్ కొసలు కొరికే అమైనోపెప్టిడేజ్‌లూ పెట్టుకుంటుంది. శ్వాసనాళపు సన్నని వెంట్రుకలకు అతుక్కునే పీ97 ప్రోటీన్‌ను కూడా తన ప్రోటియేజ్‌లతోనే కత్తిరించి ముక్కలుగా పైన పరుచుకుంటుంది. పంది యాంటీబాడీలకు ఎదురయ్యే ఆకారం అలా మారుతూ ఉంటుంది.

టియామ్యులిన్, టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పనిచేస్తాయి. ఒక్క హెచ్చరిక: దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్, నారాసిన్ లాంటి అయానోఫోర్ మందు ఉంటే టియామ్యులిన్ ఇవ్వకూడదు. రెండూ కలిస్తే పంది కండరాలు దెబ్బతిని కూలబడి చస్తుంది. దాణా సంచి మీది చీటీ చదవకుండా టియామ్యులిన్ డబ్బా మూత తీయవద్దు.

ప్రశ్న: మా దొడ్డి సూయిస్‌తోనే టీకా తయారు చేయించి పిల్లలకు 3వ వారం, 5వ వారం వేశాం. చావులు 6వ వారంలోనే మొదలయ్యాయి. టీకా కల్తీదా?

జవాబు: కల్తీ అని తేల్చే ముందు లెక్క చూడండి. రెండో మోతాదు పడ్డాక రక్షణ గట్టిపడటానికి సుమారు 2 వారాలు పడుతుంది. అంటే మీ పిల్లలకు రక్షణ 7వ వారానికి, గండం 6వ వారానికి. పైగా 3వ వారంలో తల్లి యాంటీబాడీలు ఇంకా ఉండి మొదటి మోతాదును సగం మింగేసి ఉంటాయి. మీ తేదీల ప్రకారం అయితే టీకా వేయాల్సింది తల్లికి: మామూలుగా ఈతకు 5–6 వారాల ముందు ఒకటి, 2–3 వారాల ముందు ఇంకొకటి. ఆ తర్వాత అసలు పని ముర్రుపాలది. మొదటి 24 గంటల్లో ఒక్కో పిల్లకు కనీసం 200 గ్రాములు, వీలైతే 250 అందాలి. పేగు ఆ తర్వాత యాంటీబాడీలను లోపలికి రానివ్వదు. పిల్లలు ఎక్కువైన ఈతలో ముందు పుట్టిన, పొట్ట నిండిన వాటిని గంట గంటన్నర వెచ్చని పెట్టెలో ఉంచి, బక్క పిల్లలకు రొమ్ములు వదలండి.

తేదీలు సరిగ్గా ఉన్నా ఇలాంటి టీకాలు తరచు నిరాశపరుస్తాయి, దానికి కారణాలు వేరే. మొదటిది, టాన్సిల్ నుంచి తీసిన సూయిస్‌తో చేస్తే అది అసలు దొంగ కాకపోవచ్చు. ఒకే దొడ్డిలో, ఒకే పందిలో కూడా నాలుగైదు రకాలు కలిసి ఉండగలవు. రెండోది ఈ శీర్షికకు దగ్గర సంగతి: పుష్టికరమైన ద్రవంలో పెరిగిన సూయిస్, పంది ఒంట్లో పెరిగిన సూయిస్ ఒకే ఎంజైములు తొడుక్కోవు. గ్లూకోజ్ దండిగా ఉన్న సీసాలో ఎమైలోపుల్యులనేజ్ తగ్గుతుంది. ఇనుము విరివిగా ఉన్న చోట ఇనుము లాక్కునే ప్రోటీన్లు తగ్గుతాయి. అంటే పందికి చూపించే బొమ్మలో దొంగ వేషమే వేరు. మూడోది, క్రిమిని చంపడానికి వాడే ఫార్మలిన్ పైపొర ప్రోటీన్లను అడ్డదిడ్డంగా అతికించి ఆకారం చెడగొట్టవచ్చు. నాలుగోది, క్యాప్సూల్ మీద పంది మంచి యాంటీబాడీలు తయారుచేయదు. చేసినా ఆ సీరోటైప్‌కే పనికొస్తాయి.

ఐడీఈ-సూయిస్ లాంటి ఎంజైములను టీకాగా వాడే ప్రయత్నాలకు ఆకర్షణ అక్కడే ఉంది: సీరోటైప్ ఏదైనా ఎంజైము దాదాపు ఒకటే. దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఉంటే పంది ఐజీఎం కోతపడకుండా మిగులుతుంది. ప్రయోగాల్లో పిల్లలకు కొంత రక్షణ కనిపించింది.

ఎరిసిపెలాస్ టీకాలు మాత్రం ఎప్పటినుంచో బాగానే పనిచేస్తున్నాయి. అక్కడ యాంటీబాడీలు ప్రధానంగా పట్టుకునేది ఎస్‌పీఏఏ అనే పైపొర ప్రోటీన్‌ను, అది ఎంజైము కాదు. పెంపకపు పందులకు 6 నెలలకోసారి మళ్లీ వేయడం వాడుక. బతికున్న క్రిమితో చేసిన టీకా అయితే వేసే రోజుల్లో దాణాలో గానీ నీళ్లలో గానీ యాంటీబయోటిక్ ఉండకూడదు.

ప్రశ్న: ల్యాబ్‌లో ఎరిసిపెలోత్రిక్స్ న్యూరామినిడేజ్ కొలుస్తున్నాం. అదే రకం ఒకసారి కణాల మీద ఎక్కువ చూపిస్తుంది, ఇంకోసారి ఏమీ చూపించదు. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: మీరు వాడే పదార్థం 4-మిథైల్‌అంబెల్లిఫెరిల్ తగిలించిన సయాలిక్ ఆమ్లం అనుకుని చెబుతున్నాం. ఎక్కువగా తప్పేది నాలుగు చోట్ల.

పెంచడం: టీకా కోసం పెంచినట్టు రాత్రంతా వదిలేయవద్దు. పెరుగుదల ఊపులో, 600 నానోమీటర్ల దగ్గర సాంద్రత 0.5 చుట్టూ ఉన్నప్పుడే తీయండి. ముదిరిన కల్చర్‌లో కణాలు పగిలి లెక్క కలగాపులగం అవుతుంది. మాధ్యమంలో సీరం కలిపితే అందులోని ప్రోటీన్ల మీద కూడా సయాలిక్ ఆమ్లం ఉంటుంది, ఎంజైము మీ పదార్థం వదిలి దాన్ని కొరుకుతుంది. కొలిచే కల్చర్‌లో సీరం వద్దు.

కడగడం: 4 డిగ్రీల దగ్గర, 4,000 జీ వేగంతో 10 నిమిషాలు తిప్పి, పైద్రవాన్ని పారబోయకుండా దాచండి. కణాలను రెండుసార్లు ఫాస్ఫేట్ ఉన్న చల్లని ఉప్పుద్రవంతో కడిగి, చివరిసారి అసిటేట్ బఫర్‌తో కడగండి. ఫాస్ఫేట్ మిగిలిపోతే పీహెచ్ పైకి జరిగి ఎంజైము మందగిస్తుంది. తర్వాత మొదటి ఘనపరిమాణానికే కలపండి, అప్పుడే కణాలనూ పైద్రవాన్నీ పక్కపక్కన పోల్చగలరు.

కొలత: 50 మైక్రోలీటర్ల కణాలకు, పీహెచ్ 5.5 దగ్గర 50 మిల్లీమోలార్ సోడియం అసిటేట్‌లో కరిగించిన 0.2 మిల్లీమోలార్ పదార్థం 50 మైక్రోలీటర్లు. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, మధ్యమధ్య కలుపుతూ. కదపకపోతే కణాలు అడుగుకు చేరి సగం పనే జరుగుతుంది. తర్వాత 0.5 మోలార్ సోడియం కార్బొనేట్ 100 మైక్రోలీటర్లు వేసి ఆపాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. విడుదలైన రంగు పదార్థం ఆమ్లంలో సరిగా మెరవదు, క్షారంలోకి తెస్తేనే 365 దగ్గర వెలుగిచ్చి 450 దగ్గర చదివినప్పుడు పూర్తి సంఖ్య వస్తుంది. మీకు ‘ఏమీ లేదు’ అని వచ్చిన రోజుల్లో కార్బొనేట్ పడిందో లేదో నోటుపుస్తకం చూడండి.

పోలిక గుంటలు: కణాలు లేనిది ఒకటి, 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి చంపిన కణాలది ఒకటి, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ న్యూరామినిడేజ్ వేసినది ఒకటి. కణాలు లేని గుంటే మెరుస్తుంటే పదార్థం చెడింది. దాన్ని చీకట్లో, మైనస్ 20 దగ్గర, ఒక్కోసారికి సరిపడా చిన్న గొట్టాల్లో ఉంచాలి; కరిగించి గడ్డకట్టించే కొద్దీ తనంతట తానే విడిపోతుంది.

డీఎన్‌ఏజ్ చూసే పాఠకులకు ఒక మాట: ఎస్‌ఎస్‌ఎన్‌ఏకు కాల్షియం, మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ ఉన్న బఫర్‌తో కడిగితే లోహాలు పోయి ఎంజైము పడుకుంటుంది, మీరేమో జన్యువు లేదని రాసేస్తారు.

ప్రశ్న: దాణాలో కలిపే ఫైటేజ్, జైలనేజ్ లాంటి ఎంజైముల వల్ల ఈ బ్యాక్టీరియాకు బలం వస్తుందా?

జవాబు: రాదు. పేరు ఒకటే గానీ కొరికేది వేరు. ఫైటేజ్ గింజల్లోని ఫైటేట్‌ను, జైలనేజ్ గింజ పొట్టులోని పీచును కోస్తాయి. పంది ఒంట్లో ఆ పదార్థాలు లేవు.

ప్రశ్న: 2 వారాల పిల్లల ఒళ్లంతా జిడ్డుగా, నల్లటి పొక్కుకట్టి ఉంది. ఇదీ పైపొర ఎంజైమేనా?

జవాబు: ఎంజైమే, పైపొరది కాదు. స్టెఫిలోకాకస్ హైకస్ బయటికి వదిలే ఎక్స్‌ఫోలియేటివ్ విషాలు నిజానికి ప్రోటియేజ్‌లు. చర్మపు పైకణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ 1ను కోసేస్తాయి. వదిలిన ఎంజైము కాబట్టి క్రిమి కూర్చున్న చోటుకు దూరంగా కూడా చర్మం విడిపోతుంది. ఎక్కువగా పోట్లాట గాట్ల దగ్గర మొదలవుతుంది. మొదటి వారంలో కోరపళ్ల మొనలు, గరుకు నేల, ఇనుప గేట్ల అంచులు చూడండి. మందును సున్నితత్వ పరీక్ష చేయించి ఎంచుకోవాలి, ఈ క్రిమిలో పెన్సిలిన్‌కు లొంగని రకాలు మామూలే. ఒళ్లంతా జిడ్డు కమ్మిన పిల్లకు నీళ్లు తాగించడం ముఖ్యం, చర్మం గుండా నీరు కారిపోతుంటుంది.

ప్రశ్న: చచ్చిన పందులను మేమే కోస్తాం. సూయిస్ మనుషులకూ వస్తుందంటారు, నిజమా?

జవాబు: నిజం. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో 215 మందికి సోకితే 38 మంది చనిపోయారు; ఎక్కువమంది జబ్బు పందులను కోసినవాళ్లు, ఆ మాంసాన్ని చేత్తో పట్టినవాళ్లు. బతికినవాళ్లలో వినికిడి పోవడం తరచు కనిపిస్తుంది. క్రిమి లోపలికి వచ్చే దారి ఎక్కువగా చేతి గాయం. కోసేటప్పుడు చేతి తొడుగులు, అడ్డంగా ఏప్రాన్; గాటు ఉన్న చేతితో కత్తి పట్టవద్దు. ఎముక మొన గుచ్చుకుంటే సబ్బుతో బాగా కడిగి, జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం, చెవిలో హోరు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ‘పందిని కోశాను’ అని మొదటి మాటగా చెప్పండి. 25 డిగ్రీల దగ్గర ఈ క్రిమి పంది పేడలో 8 రోజులు, దుమ్ములో 24 గంటలు బతకగలదు, కాబట్టి కోసిన చోటును ముందు నీళ్లూ సబ్బుతో రుద్ది, పేడ పోయాకే క్రిమిసంహారకం చల్లండి. పేడ మీద చల్లిన మందు పేడతోనే ఖర్చయిపోతుంది.